మంచు మీద గీతలు, గ్యాలరీలో మనం

క్రికెట్ మాచికి వెళ్ళినవాడికి ఎవరు గెలుస్తున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. బంతి తాడు దాటితే నాలుగు, బెయిల్స్ ఎగిరితే ఔటు. ఎల్‌బీడబ్ల్యూ దగ్గర కాస్త గొడవ ఉంటే ఉండొచ్చుగాక, మొత్తమ్మీద కళ్ళున్నవాడికి ఆట అర్థమవుతుంది. ఫిగర్ స్కేటింగ్ అలా కాదు. నాలుగు నిమిషాల పాటు ఒక మనిషి మన కళ్ళముందే గెంతి, తిరిగి, జారి, చివర్లో చేతులు చాపి నిలబడతాడు. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. వెంటనే అంతమందీ ఒక్కసారి మెడలు తిప్పి పైన వేలాడే తెరవైపు చూస్తారు. ఎందుకయ్యా అంటే, ఇప్పటిదాకా మనం చూసింది బాగుందో లేదో తెలుసుకోవడానికి!

నన్ను ఈ ఆటకి అంటగట్టింది సరిగ్గా ఆ మెడ తిప్పడమే. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి కదా, ఒక పనిని అంకెల్లో కొలవడం ఎంత తలనొప్పో, కొలవడం మొదలెట్టగానే జనం పని మానేసి అంకె కోసం ఎలా పనిచేస్తారో రోజూ చూస్తూనే ఉంటాను. మగవాళ్ళ ఫిగర్ స్కేటింగ్‌కి నూట ముప్ఫై ఏళ్ళ పోటీల చరిత్ర ఉంది. అందులో పేర్లూ పతకాలూ పక్కన పెట్టి చూస్తే మిగిలేది ఒకటే తగాదా: జడ్జికి కనపడేది ఒకటి, గ్యాలరీలో కూర్చున్నవాడికి కనపడేది ఇంకొకటి. ఈ రెండిట్లో ఆట ఏది?

* * *

తిరకాసు పేరులోనే ఉంది. ఇక్కడ ఫిగర్ అంటే మనిషి ఆకారం కాదు, మంచు మీద బ్లేడు గీసే బొమ్మ. ఒక కాలి మీద, బ్లేడుకి ఒక అంచు మీద, ఒకే ఒక్క తోపుతో సున్నా చుట్టి బయల్దేరిన చోటికి రావాలి. రెండో కాలితో పక్కనే ఇంకో సున్నా. రెండూ కలిస్తే ఎనిమిది అంకె. సున్నా అడ్డుకొలత స్కేటరు ఎత్తుకి మూడు రెట్లు ఉండేది. అదే గీత మీద మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ. మధ్యలో మలుపులు, మెలికలు. మూడుసార్లు గీసినా ఒకే గీతలా కనపడితే గొప్ప. అతను పక్కకి తప్పుకోగానే జడ్జీలు మంచు మీదకి నడిచొచ్చి, నడుం వంచి, గీత ఎక్కడ చెదిరిందో, అంచు ఎక్కడ మారిందో వెతికేవాళ్ళు. మన ఇంట్లో అమ్మమ్మ ముగ్గు చుక్కలు సరిచూసినట్టు.

కూచిపూడిలో సింహనందిని అని ఒక అంశం ఉంది, చూసే ఉంటారు. నర్తకి తాళానికి అడుగులేస్తూనే కింద పరిచిన గుడ్డ మీద రంగుపొడిలో పాదాలతో సింహం బొమ్మ గీస్తుంది. నాట్యం అయ్యాక ఆ గుడ్డ ఎత్తి చూపిస్తే హాలు హోరెత్తిపోతుంది. పాపం స్కేటర్లకి ఆ వెసులుబాటు లేదు. మంచుని ఎత్తి చూపించలేరు కదా! జడ్జి వంగి చూసిన బొమ్మని గ్యాలరీలోవాడు ఎన్నడూ చూడలేదు.

ఇలాంటి ఆట ప్రపంచ పోటీగా మారింది 1896లో. అప్పటికి నాలుగేళ్ళ క్రితం, 1892లో, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ పుట్టింది. వాళ్ళు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటి వరల్డ్స్ పెట్టారు. పోటీ చేసింది నలుగురే నలుగురు. జర్మనీకి చెందిన గిల్బర్ట్ ఫుక్స్ గెలిచాడు.

అంతకు ముందే జాక్సన్ హెయిన్స్ అనే అమెరికన్ నర్తకుడు ఒకడు ఈ వ్యవహారాన్ని గ్యాలరీ వైపు లాగాడు. ఆ రోజుల్లో స్కేటింగంటే వీపు కర్రలా పెట్టి, చేతులు పక్కలకి అంటించి, గంభీరంగా బొమ్మలు గియ్యడం. హెయిన్స్ బాలే అడుగులు, సంగీతం మంచు మీదకి తెచ్చాడు. సొంత దేశంలో పెద్దమనుషులకి ఇది నచ్చలేదు. 1860లలో యూరప్ వెళ్ళిపోయాడు. వాల్ట్జ్ పాటల ఊరు వియన్నా మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకుంది. 1875లో ఫిన్లాండ్‌లో పోయాడు. ప్రపంచ పోటీల మొహం చూడకుండానే ఆధునిక స్కేటింగ్‌కి మూలపురుషుడయ్యాడు. ఇంట్లో పనికిరానివాడు పొరుగూళ్ళో పండితుడయ్యే కథలు మనకి మాత్రం తక్కువా?

ఆ తర్వాత వచ్చినవాడు స్వీడన్‌కి చెందిన ఉల్రిక్ సాల్కోవ్. పది ప్రపంచ టైటిళ్ళు, 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం. (అవును, అప్పట్లో స్కేటింగ్ వేసవి ఒలింపిక్స్‌లోనే ఉండేది.) అయితే 1902లో, అదే లండన్‌లో, ఒక తమాషా జరిగింది. మాడ్జ్ సైయర్స్ అనే ఇంగ్లీషావిడ వరల్డ్స్‌కి పేరిచ్చింది. నిబంధనల్లో మగవాళ్ళు మాత్రమే అని ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. మా భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ సరిచూసుకోని ప్రోగ్రాము! ఆవిడ సాల్కోవ్ వెనక రెండో స్థానంలో నిలిచింది. యూనియన్ వెంటనే ఆడవాళ్ళని ఆపేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, పొడుగు పావడాల వల్ల జడ్జీలకి పాదాలు కనపడవని. చూశారా, అక్కడా పాదాల గొడవే. 1906లో ఆడవాళ్ళకి విడిగా పోటీ పెట్టారు. మగవాళ్ళ పోటీ అప్పటినుండీ అచ్చంగా మగవాళ్ళదయింది.

* * *

గ్యాలరీవాడికి న్యాయం చేసింది గెంతులు. నార్వేకి చెందిన ఆక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో ఒకటిన్నర చుట్ల గెంతు వేశాడు. సాల్కోవ్ తన పేరుతో ఒకటి, ఆస్ట్రియా కుర్రాడు అలోయిస్ లుట్జ్ తన పేరుతో ఇంకొకటి చేర్చారు. ఇవి కాక టో లూప్, లూప్, ఫ్లిప్. మొత్తం ఆరు. కొత్తవాళ్ళకి ఇవన్నీ ఒకేలా కనపడతాయి. ఒక్క కిటుకు గుర్తుపెట్టుకుంటే చాలు: ముందుకి మొహం పెట్టి గాల్లోకి లేచేది ఆక్సెల్ ఒక్కటే, మిగతా అయిదూ వెనక్కి జారుతూ లేస్తారు. దిగడం మాత్రం అన్నీ వెనక్కే. అందుకే ఆక్సెల్‌కి ఎప్పుడూ అరచుట్టు ఎక్కువ. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర చుట్లన్నమాట.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1948లో సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో డిక్ బటన్ అనే అమెరికన్ కుర్రాడు పోటీలో మొదటి డబుల్ ఆక్సెల్ వేశాడు. 1952 ఓస్లోలో పోటీలో మొట్టమొదటి ట్రిపుల్, ట్రిపుల్ లూప్. రెండుసార్లూ స్వర్ణమే. తర్వాత దశాబ్దాల పాటు టీవీలో వ్యాఖ్యాతగా అమెరికాకి ఈ ఆటని నేర్పింది కూడా ఆయనే. 2025 జనవరిలో 95 ఏళ్ళకి కన్నుమూశారు.

గెంతులెంత పెరిగినా మార్కుల్లో సింహభాగం మాత్రం గీతలదే. 1960ల దాకా ఫిగర్స్‌కి 60 శాతం, మనం టిక్కెట్టు కొనుక్కుని చూసే ఫ్రీ స్కేటింగ్‌కి 40. పొద్దున్నే ఖాళీ హాల్లో ఫిగర్స్ అయిపోయేవి. సాయంత్రం కుటుంబాలతో వచ్చినవాళ్ళు, టీవీ ముందు కూర్చున్నవాళ్ళు అందరికన్నా అద్భుతంగా ఆడిన కుర్రాడు మూడోవాడు ఎందుకయ్యాడో అర్థంకాక జుట్టు పీక్కునేవాళ్ళు. కెనడాకి చెందిన టోలర్ క్రాన్‌స్టన్ అలాంటివాడే. స్వయానా చిత్రకారుడు, మంచు మీద అతనిలా కదిలినవాడు లేడంటారు. ఫిగర్స్‌లో వెనకబడి ప్రపంచ చాంపియన్ కాకుండానే మిగిలిపోయాడు. 1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో కంచుతో సరిపెట్టుకున్నాడు.

ఆ ఏడు స్వర్ణం గెలిచింది ఇంగ్లాండుకి చెందిన జాన్ కర్రీ. చిన్నప్పుడు బాలే నేర్చుకుంటానంటే మగపిల్లాడికి డాన్సేమిటని వాళ్ళ నాన్న వద్దన్నాడు. స్కేటింగ్ ఆట కాబట్టి సరే అన్నాడు. కొడుకు ఆ ఆటలోకే బాలేని తీసుకొచ్చాడు. ఆడవాళ్ళు గజ్జె కట్టని రోజుల్లో మగవాళ్ళే సత్యభామలై ఊళ్ళని మెప్పించిన కూచిపూడి మనది. అయినా "మగపిల్లాడికి డాన్సేమిటి" అన్న మాట మన ఇళ్ళలోనూ వింటూనే ఉంటాం. కర్రీ కథ చదివినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

అదే ఇన్స్‌బ్రుక్‌లో టెర్రీ కుబికా అనే అమెరికన్ వెనక్కి పల్టీ కొట్టాడు. గ్యాలరీ వెర్రెత్తిపోయింది. పెద్దలు వెంటనే పల్టీని నిషేధించారు. ఆ నిషేధం 2024 దాకా ఉంది! ఆ ఏడాది యూరోపియన్ పోటీల్లో ఫ్రాన్స్ కుర్రాడు ఆడమ్ సియావో హిమ్ ఫా, పాయింట్లు పోతే పోయాయని పల్టీ కొట్టి మరీ గెలిచాడు. కొన్ని నెలలకి నిషేధం ఎత్తేశారు.

* * *

గ్యాలరీకీ జడ్జీలకీ మధ్య దూరం ఎంతో ఒక్క రాత్రిలో చూపించమంటే నేను 1988 కాల్గరీ ఒలింపిక్స్ చూపిస్తాను. అమెరికా నుండి బ్రయాన్ బొయిటానో, కెనడా నుండి బ్రయాన్ ఆర్సర్. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో పత్రికలకి పండగ. ఆర్సర్ 1984లో రజతం గెలిచినవాడు, 1987 ప్రపంచ చాంపియన్, సొంతగడ్డ, ప్రారంభోత్సవంలో దేశం జెండా పట్టుకుని నడిచినవాడు. దేశం మొత్తం బరువు అతని భుజాల మీద ఉంది.

ఫిగర్స్‌లో బొయిటానో రెండు, ఆర్సర్ మూడు. షార్ట్ ప్రోగ్రాంలో ఆర్సర్ ఒకటి, బొయిటానో రెండు. లెక్కేస్తే, ఫ్రీ స్కేటింగ్‌లో ఈ ఇద్దరిలో ఎవరు పైన ఉంటే స్వర్ణం వాళ్ళది. బొయిటానో ముందు వచ్చాడు. నెపోలియన్ సినిమా సంగీతానికి సైనికుడి వేషంలో, రెండు ట్రిపుల్ ఆక్సెల్స్‌తో సహా అనుకున్నదంతా అనుకున్నట్టు చేసేశాడు. ఆర్సర్ ఒక ట్రిపుల్ ఫ్లిప్ దగ్గర తడబడ్డాడు. చివరికొచ్చేసరికి రెండో ట్రిపుల్ ఆక్సెల్ వెయ్యాల్సిన చోట డబుల్‌తో సరిపెట్టాడు. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు బొయిటానో అన్నారు, నలుగురు ఆర్సర్ అన్నారు. ఒక్క జడ్జి మనసు అటు మొగ్గితే మెడ మారిపోయేది.

పాత పద్ధతిలో ఆరుకి ఇన్ని మార్కులు అనేవాళ్ళు గానీ ఆ మార్కుకి విలువ లేదు, ర్యాంకుకే విలువ. ముందు ఆడినవాడికి 5.9 ఇచ్చేస్తే తర్వాత వచ్చేవాడికి ఏం మిగులుతుంది? అందుకని మొదట వచ్చినవాళ్ళకి పిసినారితనం, ఆఖర్న వచ్చేవాళ్ళకి దాతృత్వం. బడిలో మాస్టారు క్లాసు ఫస్టు ఎవరో ముందే అనుకుని పేపర్లు దిద్దినట్టుంటుంది.

ఆ ఓటమి దగ్గర ఆర్సర్ ఆగిపోలేదు. తర్వాత కోచ్ అయ్యి కొరియా అమ్మాయి యూనా కిమ్‌కి, జపాన్ కుర్రాడు యుజురు హాన్యూకి ఒలింపిక్ స్వర్ణాలు తెప్పించాడు. అన్నట్టు వాళ్ళకి శిక్షణ ఇచ్చిన చోటి పేరు టొరంటో క్రికెట్, స్కేటింగ్ అండ్ కర్లింగ్ క్లబ్. మన క్రికెట్ ఎక్కడికి పోయినా వదలదు!

కాల్గరీ తర్వాత నెల తిరిగిందో లేదో, బుడాపెస్ట్ వరల్డ్స్‌లో కెనడాకే చెందిన కర్ట్ బ్రౌనింగ్ పోటీలో మొదటి క్వాడ్, అంటే నాలుగు చుట్ల టో లూప్, దిగాడు. అదే ఏడు ఫిగర్స్‌ని తీసెయ్యాలని యూనియన్ ఓటేసింది. 1990 హాలిఫాక్స్ వరల్డ్స్ వాటికి ఆఖరు. పేరులో ఫిగర్ మిగిలింది, ఆటలో ఫిగర్ పోయింది.

* * *

గ్యాలరీ గెలిచిందనుకున్నారు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో అసలు సమస్య గీతలు కాదని తేలింది. అది మగవాళ్ళ పోటీలో కాదు, జంటల పోటీలో. రష్యా జంటకి స్వర్ణం ఇస్తే హాలంతా అరిచి గోల చేసింది. తన మీద ఒత్తిడి తెచ్చారని ఒక ఫ్రెంచి జడ్జి చెప్పడం, తర్వాత కాదనడం, చివరికి కెనడా జంటకి కూడా ఇంకో స్వర్ణం ఇవ్వడం ప్రపంచమంతా చూసింది. 2004లో 6.0 పద్ధతిని చాపచుట్టేసి పాయింట్ల పద్ధతి పెట్టారు.

ఇప్పుడు ప్రతి అంశానికీ ముందే రేటు కట్టి ఉంటుంది. 2018 నుండి ట్రిపుల్ ఆక్సెల్ 8, క్వాడ్ లుట్జ్ 11.5, క్వాడ్ ఆక్సెల్ 12.5. ఎంత బాగా చేశాడన్నదాన్ని బట్టి జడ్జీలు మైనస్ అయిదు నుండి ప్లస్ అయిదు దాకా వేస్తారు. దీనికి తోడు థర్డ్ అంపైర్ లాంటి సాంకేతిక బృందం ఒకటి వీడియో తిప్పి తిప్పి చూస్తుంది. నాలుగు చుట్లలో పావు చుట్టు తగ్గిందా, అంచు సరైనదేనా అని. వంగి గీతలు చూసే జడ్జి పోయాడనుకున్నాం కదా. పోలేదు, తెర వెనక్కి వెళ్ళాడు.

కొలత మారితే ఆటా మారుతుంది. 2010 వాంకూవర్‌లో రష్యా దిగ్గజం ప్లుషెంకో క్వాడ్ వేశాడు, అమెరికన్ లైసాచెక్ వెయ్యలేదు. గెలిచింది లైసాచెక్, 257.67కి 256.36. తేడా 1.31. క్వాడ్ వెయ్యనివాడు ఒలింపిక్ చాంపియన్ ఏమిటని ప్లుషెంకో వాదన. రేటు పట్టిక చదివి, కాళ్ళు అలిసిపోయే రెండో సగంలో వేసే గెంతులకి ఎక్కువ మార్కులొస్తాయని గ్రహించి, దానికి తగ్గట్టు ప్రోగ్రాం కట్టుకోవడం తెలివే కదా అని రెండోవైపు వాదన. ఆ తర్వాత క్వాడ్ రేటు పెంచారు. ఇంకేముంది, వరదే! టో లూప్ 1988లో, సాల్కోవ్ 1998లో వచ్చాయి. లుట్జ్ 2011లో, ఫ్లిప్, లూప్ రెండూ 2016లో వచ్చేశాయి. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో షార్ట్ ప్రోగ్రాంలో 17వ స్థానానికి జారిపోయిన నేథన్ చెన్ ఫ్రీలో ఏకంగా ఆరు క్వాడ్లు వేసి అయిదో స్థానానికి ఎగబాకాడు. అక్కడ స్వర్ణం హాన్యూది, వరసగా రెండోది. డిక్ బటన్ తర్వాత 66 ఏళ్ళకి మళ్ళీ ఆ ఘనత. మన హీరో తెర మీదకి రాగానే కాగితాలు విసిరినట్టు అతని అభిమానులు పసుపుపచ్చ విన్నీ ది పూ బొమ్మలు కుంభవృష్టిలా కురిపించేవాళ్ళు. ఏరడానికే ఒక పిల్లల దండు కావాలి.

మిగిలిన క్వాడ్ ఆక్సెల్‌ని హాన్యూ 2022 బీజింగ్‌లో ప్రయత్నించి పడ్డాడు. అదే ఏడు సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో 17 ఏళ్ళ ఇలియా మాలినిన్ దాన్ని దిగాడు.

* * *

2023 జనవరిలో అమెరికా జాతీయ పోటీలు శాన్ హోసేలో జరిగితే నేను పొద్దుటి ప్రాక్టీసుతో సహా టిక్కెట్లు కొనుక్కుని చూశాను. టీవీలో ఎన్నేళ్ళు చూసినా తెలియనిది ఒకటుంది, వేగం. కెమెరా స్కేటరుతో పాటే తిరుగుతుంది కాబట్టి టీవీలో అతను ఒకేచోట ఉన్నట్టుంటాడు, వెనక గోడ జరుగుతుంది. హాల్లో అరవై మీటర్ల మంచుని ఒకడు నాలుగు తోపుల్లో దాటేస్తుంటే కుర్చీలో మనం వెనక్కి జరుగుతాం. రెండోది చప్పుడు. మంచి స్కేటరు అంచు మీద వంగితే కత్తితో గుడ్డ కోసినట్టు మెత్తటి శబ్దం వస్తుంది. అంతగా రానివాడి బ్లేడు గరగరలాడుతుంది. ఆరుగురు కలిసి ఆరు నిమిషాలు వార్మప్ చేసేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చున్నా తేడా తెలుస్తుంది.

ఆ పోటీ గెలిచింది ఊహించినట్టే మాలినిన్. కానీ ఫ్రీలో తడబడ్డాడు. ఆ రోజు ఫ్రీలో మొదట నిలిచింది షార్ట్‌లో వెనకబడి ఉన్న ఆండ్రూ టోర్గాషెవ్, మొత్తమ్మీద అతనికి కంచు. రజతం జేసన్ బ్రౌన్‌ది. అతను ఒక్క క్వాడ్ కూడా వెయ్యలేదు. క్వాడ్లు లేకుండా రజతమేమిటని మీకు అనిపించవచ్చు. మార్కుల కాగితం చూస్తే జవాబు పొడిగా ఉంటుంది: స్కేటింగ్ స్కిల్స్ ఇంత, కంపోజిషన్ ఇంత. హాల్లో చూస్తే వేరు. గెంతుకీ గెంతుకీ మధ్య అతను ఎక్కడా ఊరికే జారడు. ప్రతి మలుపూ ఏదో ఒక అంచు మీద, పాటలో ఏదో ఒక స్వరం మీద ఉంటుంది. ఖాళీ హాల్లో పొద్దున్నే గీసే సున్నాలు ఆటలోంచి పోయాయన్నారు గానీ, ఆ సున్నాలు నేర్పిన పాదమే అది. జడ్జి వంగి చూసిందీ, గ్యాలరీ లేచి చప్పట్లు కొట్టిందీ ఒకటే కావడం ఆ రోజు చూశాను.

అందుకే ఈ రెండిట్లో ఆట ఏదన్న ప్రశ్నకి నా జవాబు, కొలవడం తప్పదు, కానీ కొలిచేవాడొక్కడే చూడగలిగేది ఎక్కువకాలం ఆటగా మిగలదు. ఫిగర్స్ పోవడానికి కారణం అవి కష్టమని కాదు, వాటిని చూసేవాడు లేక. రేపు క్వాడ్ల లెక్క కూడా స్లో మోషన్ వీడియోలో తప్ప కనపడని పావుచుట్ల గొడవగా మిగిలితే, దానికీ అదే గతి పట్టొచ్చు.

మనవాళ్ళకి ఇదంతా పరాయి గోల అనుకోనక్కర్లేదు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేట్ల మీద ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో కంచు పతకాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. మంచు లేకపోతేనేం, చక్రాల మీదా అవే ఆక్సెళ్ళు, అవే లుట్జ్‌లు. ఆ ఆటలో ఫిగర్స్ కోసం నేల మీద సున్నాలు రంగుతో గీసే ఉంటాయి, కాబట్టి గ్యాలరీలోవాడికి కూడా కనపడతాయి!

మీ ఊరి దగ్గర పోటీలు జరిగితే ఫైనల్ టిక్కెట్టు ఖరీదు చూసి బెదిరిపోకండి. పొద్దుటి ప్రాక్టీసుకి అమ్మితే అది కొనుక్కోండి, చవక. మంచుకి దగ్గరగా, కింది వరసల్లో కూర్చోండి. స్వెట్టరు మర్చిపోవద్దు. మొదటి అరగంట మొహాలు, చేతులు, బట్టలు వదిలేసి పాదాలొక్కటే చూడండి. పిల్లల్ని తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎవరు ముందుకి మొహం పెట్టి గాల్లోకి లేస్తున్నారో కనిపెట్టమని పందెం కట్టండి, మీకన్నా ముందు వాళ్ళే పట్టేస్తారు.